కరెంటు పోయినా తెరుచుకునే షట్టర్ ఏది? స్ప్రింగ్, గేర్, మోటార్‌లలో మీ ఇంటికి ఏది సరిపోతుంది

కారు పార్కింగ్‌కు షట్టర్ పెట్టించేటప్పుడు అందరం అడిగేవి ఇవే: రేకు ఎన్ని గేజ్, ఏ రంగులు ఉన్నాయి, రిమోట్ ఎంత దూరం నుంచి పనిచేస్తుంది, వారంటీ ఎన్నేళ్లు. హన్మకొండలో ఇల్లు కట్టుకున్నప్పుడు నేనూ ఇవే అడిగాను. ఇంకో ప్రశ్న అడగాల్సింది, అడగలేదు. కరెంటు లేని రాత్రి, ఇంట్లో అందరికన్నా బలం తక్కువ ఉన్న మనిషి ఒక్కరే ఉంటే, ఈ షట్టర్‌ను లోపలినుంచి లేపగలరా?

రెండేళ్ల కిందట మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. మన దగ్గర ఎండాకాలం చివర్లో వచ్చే దుమారం ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చెట్లు తీగల మీద పడ్డాయి, ఏడు గంటలకు కరెంటు పోయింది. నేను పని మీద జనగామలో ఉన్నాను. ఇంట్లో అమ్మ, బాపు ఇద్దరే. అమ్మకు ఆయాసం ఎక్కువైంది. నెబ్యులైజర్ పెడదామంటే కరెంటు లేదు, ఇన్వర్టర్ బ్యాటరీ అంతకుముందు వారమే చెడిపోయింది. ఆటో ఒక్కటీ తిరగడం లేదు. కారు తీద్దామంటే మోటార్ షట్టర్ వెనకాల ఉంది. బాపు ఫోన్ చేసి, "బిడ్డా, ఇది కరెంటు లేకుంటే ఎట్లా లేపాలె?" అని అడిగాడు.

నాకు తెలుసు, చైన్ గుంజితే లేస్తుంది. కానీ ఆ చైన్ ఎక్కడుంది? బిగించిన రోజు అది గోడ మీద వేలాడుతుంటే చూడ్డానికి బాగాలేదని నేనే అన్నాను. పనివాళ్లు దాన్ని పైకి చుట్టి, డ్రమ్ము కవర్ (షట్టర్ చుట్టుకునే పైపును కప్పే రేకు) పక్కన బైండింగ్ వైరుతో కట్టేశారు. తొమ్మిది అడుగుల ఎత్తులో ఉంది. డెబ్బై రెండేళ్ల బాపు చీకట్లో ఫోన్ లైట్ పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీ ఎక్కబోతుంటే అమ్మ కేకలేసి ఆపింది. పక్కింటి పిల్లవాడు నిచ్చెన తెచ్చి, వైరు కత్తిరించి, చైన్ కిందికి దించి షట్టర్ లేపేసరికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అమ్మ క్షేమంగానే ఉంది. ఆ ఇరవై ఐదు నిమిషాలు మాత్రం ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు. ఆ తర్వాత షట్టర్ పని చేసే వాళ్లను అడిగి, బంధువుల ఇళ్లలో, దుకాణాల్లో నా చేత్తో గుంజి చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు బరువు సంగతి

10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న 18 గేజ్ ఇనుప షట్టర్‌లో పట్టీల బరువే సుమారు 90 నుంచి 100 కిలోలు ఉంటుంది. ఈ బరువును ఎవరు మోస్తున్నారన్నదే అసలు విషయం. స్ప్రింగులు మోస్తుంటే కరెంటు ఉన్నా లేకపోయినా మనిషి చేత్తో లేపగలడు. స్ప్రింగుల్లేకుండా మోటార్ ఒక్కటే మోస్తుంటే, కరెంటు పోయిన క్షణం నుంచి ఆ క్వింటాలు బరువు మీ మీదే పడుతుంది. అప్పుడు గేరూ చైనూ తప్ప వేరే దారి లేదు. షట్టర్ వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు మొదట అడగండి: "పైపులో స్ప్రింగులు ఉంటాయా, ఉండవా?" ఆ జవాబుతో సగం విషయం తేలిపోతుంది.

చాలామంది యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి ఎర్ర తాడు కోసం వెతుకుతారు. అది వేరే రకం తలుపు. అక్కడి గ్యారేజీ తలుపులు పెద్ద పెద్ద పలకలుగా ఉండి, పట్టాల మీద జారి సీలింగ్ కింద అడ్డంగా పడుకుంటాయి. ఆ ఎర్ర తాడు గుంజితే తలుపు మోటార్ నుంచి విడిపోతుంది, ఇక చేత్తో లేపుకోవచ్చు. అదైనా తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే గుంజాలంటారు. ఎందుకంటే తలుపు పైన ఉండి, స్ప్రింగ్ తెగి ఉంటే, తాడు గుంజగానే తలుపంతా కిందికి వచ్చి పడుతుంది. మన దగ్గర ఎక్కువగా ఉండేది పైపుకు చుట్టుకునే పట్టీల షట్టర్. దాని పద్ధతి వేరు.

చేత్తో లేపే స్ప్రింగ్ షట్టర్

స్టేషన్ రోడ్డులోనో హన్మకొండ చౌరస్తాలోనో పొద్దున్నే వినిపించే ఆ గరగర చప్పుడు దీనిదే. పైన పైపు మీద చుట్టిన స్ప్రింగులు షట్టర్ దిగేటప్పుడు బిగుసుకుంటాయి, లేపేటప్పుడు ఆ బలాన్ని తిరిగి ఇస్తాయి. దీనికి కరెంటుతో పని లేదు. చెడిపోవడానికి ఉన్న భాగాలూ తక్కువే. అన్నిటికన్నా చవక కూడా.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి సైజు. కేంద్ర ప్రజా పనుల శాఖ రేట్ల పట్టికలో 10 చదరపు మీటర్లు దాటిన షట్టర్లకు చైన్ లేదా క్రాంక్ ఏర్పాటును విడిగా లెక్కకడతారు. 10 చదరపు మీటర్లంటే దాదాపు 107 చదరపు అడుగులు. అంటే 10 బై 8 షట్టర్ చేత్తో లేపే హద్దులోనే ఉంటుంది, 14 బై 9 ఉండదు. రెండోది స్ప్రింగుల వయసు. ఏళ్లు గడిచేకొద్దీ అవి అలసిపోతాయి, షట్టర్ బరువెక్కుతుంది. అది ఒక్క రోజులో జరగదు కాబట్టి రోజూ లేపేవాళ్లకు తెలియదు. పరీక్ష సులభం. షట్టర్‌ను నడుము ఎత్తు వరకు లేపి, చేతులు దగ్గరగానే ఉంచి, పట్టు మెల్లగా వదలండి. అక్కడే నిలబడితే స్ప్రింగ్ బాగున్నట్టు. దభాలున పడబోతే స్ప్రింగ్ బిగించాల్సిన సమయం వచ్చినట్టు. ఆ పని మాత్రం మీరు ముట్టుకోవద్దు. బిగుసుకున్న స్ప్రింగ్ జారితే చెయ్యి విరగ్గొడుతుంది.

నడుము నొప్పి ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఇది పనికిరాదని ఒప్పుకోవాలి. స్ప్రింగ్ ఎంత బాగున్నా, వంగి కింది పట్టీ పట్టుకుని మొదటి అడుగు లేపడం వాళ్లకు కష్టమే.

గేర్ షట్టర్

పక్కన గేర్ పెట్టె, దానికి చైన్ గానీ తిప్పే హ్యాండిల్ గానీ. ఎనుమాముల మార్కెట్ వైపు గోదాముల్లో, ఆటోనగర్ షెడ్లలో ఇవి చూస్తారు. బలం తక్కువ ఉన్నవాళ్లు కూడా లేపగలరు, కాకపోతే ఓపిక కావాలి. ఇంటి షట్టర్‌కు ఇది నెమ్మదైన పనే. రోజుకు నాలుగుసార్లు బండి తీసేవాళ్లకు నెల తిరిగేలోగా విసుగొస్తుంది. వెడల్పైన దుకాణానికి, గోదాముకు మాత్రం, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తీసి వేసేవాళ్లకు, నేను మొదట చెప్పేది ఇదే.

చైన్, హ్యాండిల్‌లలో నాకు చైన్ నయం. హ్యాండిల్ తీసి ఎక్కడో పెడతారు, అవసరమైనప్పుడు కనపడదు. చైన్ ఎక్కడికీ పోదు, మనమే పైకి కట్టేస్తే తప్ప.

మోటార్ షట్టర్లు అన్నీ ఒకటి కావు

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. "మోటార్ షట్టర్" అనే ఒక్క మాటకింద మూడు వేరు వేరు ఏర్పాట్లు అమ్ముతారు. కరెంటు పోయినప్పుడు మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి.

మా ఇంట్లో ఉన్నది సైడ్ మోటార్. పైపుకు ఒక పక్కన ప్లేటు మీద కూర్చుని, గొలుసుతో పైపును తిప్పుతుంది. సాధారణంగా స్ప్రింగులు ఉండవు, మొత్తం బరువు మోటారే మోస్తుంది. అందుకే వీటిని 300 కిలోలు, 500 కిలోలు అని బరువు చెప్పి అమ్ముతారు. కరెంటు లేనప్పుడు లోపలి బ్రేకు షట్టర్‌ను ఎక్కడిదక్కడ పట్టి ఉంచుతుంది. దీనికి వేలాడే చేతి చైన్‌కు రెండు పోగులుంటాయి. ఒకటి గుంజితే లేస్తుంది, రెండోది గుంజితే దిగుతుంది. కొన్ని మోడళ్లలో ముందు బ్రేకు వదిలే చిన్న తాడు కూడా గుంజాలి. బిగించిన రోజే అడిగి తెలుసుకోండి.

మా దాంట్లో ఒక్కో గుంజుకు షట్టర్ సుమారు రెండు వేళ్ల మందం లేస్తుంది. చైన్ సన్నగా, నూనె జిడ్డుతో ఉంటుంది. చెయ్యి పైకి చాపి పట్టుకుని, పొట్ట దాకా గుంజి, ఇంకో చేత్తో మళ్లీ పైన పట్టుకోవాలి. మొదట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత కింద సందులోంచి వీధి వెలుతురు గీతలా కనబడుతుంది. కారు పట్టేంత ఎత్తు రావడానికి నాకు నాలుగు నిమిషాలు, బాపుకు మధ్యలో ఒకసారి ఆగి ఏడు నిమిషాలు పట్టింది. ఆయన చెయ్యగలిగాడన్నదే నాకు ముఖ్యం. లేపే పోగుకు ఎర్ర రిబ్బన్ కట్టాను. చీకట్లో తప్పు పోగు గుంజుతూ కూర్చోవడం కన్నా అలసట ఇంకోటి లేదు. చివర్లో అంగుళాలు లెక్కపెట్టి పైదాకా గుంజొద్దు. మోటార్ తానే ఆగే హద్దు దాటించి గుంజితే, కరెంటు వచ్చాక ఇబ్బంది పెడుతుంది. కారు పోయేంత లేస్తే చాలు.

రెండోది సెంటర్ మోటార్. ఇది పైపు మధ్యలోనే ఉంటుంది, పైపులో స్ప్రింగులూ ఉంటాయి. అంటే చేత్తో లేపే షట్టర్‌కే మోటార్ తోడైనట్టు. కరెంటు పోతే మోటార్ బ్రేకు పట్టేస్తుంది. లోపల వేలాడే రిలీజ్ వైరు గుంజితే బ్రేకు వదులుతుంది, ఇక మామూలు షట్టర్‌లా చేత్తో లేపడమే. నిమిషంలో పని అయిపోతుంది. ఇల్లు మళ్లీ కట్టే అవకాశమొస్తే నేను ఎంచుకునేది ఇదే, 100 చదరపు అడుగుల లోపు షట్టర్‌కు.

కానీ దీనితో దుకాణాల వాళ్లు ఒక్క విషయంలో జాగ్రత్త పడాలి. రిలీజ్ వైరు లోపల ఉంటుంది. దుకాణానికి వేరే దారి లేకపోతే, పొద్దున కరెంటు లేనప్పుడు మీరు బయట నిలబడాలి, వైరు లోపల వేలాడుతుంది. బయటినుంచి తాళంచెవితో తెరిచే చిన్న పెట్టె పెట్టించి, వైరును దానిలోకి తెప్పించాలి. పరకాలలో బట్టల దుకాణం ఉన్న మా బావ ఇది పెట్టించుకోలేదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక పొద్దున కరెంటు వచ్చేదాకా గిరాకీతో పాటు మెట్ల మీద కూర్చున్నాడు. సైడ్ మోటార్‌కూ ఇదే చిక్కు, చైన్ లోపలే ఉంటుంది కాబట్టి. ఒకే దారి ఉన్న దుకాణానికి షట్టర్‌లోనే చిన్న తలుపు గానీ, వెనక దారి గానీ ఉండి తీరాలి.

మూడోది ట్యూబులర్ మోటార్. పైపు లోపలే దాక్కుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, చిన్న, తేలిక షట్టర్లకు వాడతారు. కరెంటు లేనప్పుడు తిప్పడానికి కొక్కెం ఉన్న పొడవాటి రాడ్ వస్తుంది, కానీ అన్ని మోడళ్లకూ ఆ సౌకర్యం ఉండదు. "మాన్యువల్ ఓవర్‌రైడ్" ఉన్నదే ఇవ్వమని బిల్లు మీద రాయించుకోండి. అది లేని మోటార్‌ను బయటికి వేరే దారి లేని చోట పెట్టొద్దు.

ఇన్వర్టర్ ఉందిగా అంటారా

ఈ మాట మా ఇంట్లోనూ అన్నాం. ఫ్యాన్లు, లైట్లు నడిపే ఇన్వర్టర్ షట్టర్ మోటార్‌ను కూడా నడుపుతుందనుకోవడం సహజం. అర హార్స్‌పవర్ మోటార్ అంటే 373 వాట్లే కదా అనిపిస్తుంది. కానీ మోటార్ కదిలే మొదటి క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు చిన్న ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని ఆగిపోతుంది. కరెంటును కుదుపులుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్ అయితే మోటార్ మూలిగి వేడెక్కుతుంది. షట్టర్‌ను ఇన్వర్టర్ మీద వేయాలంటే, లైన్ కరెంటులాగే నునుపుగా ఇచ్చే సైన్ వేవ్ రకం ఉండాలి, ఆ మొదటి దెబ్బను తట్టుకునే సామర్థ్యం ఉండాలి. ఎలక్ట్రీషియన్‌తో లెక్క వేయించి, లైన్ విడిగా లాగించాలి.

దీనికన్నా తెలివైన దారి 24 వోల్టుల డీసీ మోటార్, దానితో వచ్చే బ్యాటరీ. కరెంటు పోయినా రిమోట్ నొక్కితే కొన్నిసార్లు లేస్తుంది, దిగుతుంది. ఖర్చు ఎక్కువే. కానీ ఇంట్లో చైన్ గుంజలేని మనిషి ఒంటరిగా ఉంటే ఆ ఖర్చు పెట్టాల్సిందే. 2017లో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చు వచ్చి కరెంటు పోయినప్పుడు గ్యారేజీ తలుపులు తెరవలేక వృద్ధులు ఇళ్లలో చిక్కుకుపోయారు. ఆ తర్వాతే అక్కడ 2019 జూలై 1 నుంచి కొత్తగా అమ్మే ప్రతి గ్యారేజీ తలుపు మోటార్‌కూ బ్యాటరీ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది.

అయితే బ్యాటరీ చెప్పకుండా చచ్చిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి వేడి పడదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. మన ఎండాకాలం 44 డిగ్రీల్లో, రేకు కింద, పడమటి ఎండ పడే పార్కింగ్‌లో దాని పరిస్థితి ఊహించండి. బ్యాటరీ ఉన్నా చేతి చైనో రిలీజ్ వైరో ఉండి తీరాలి. బ్యాటరీ, చైన్‌లలో ఒకటే అంటే నేను చైన్‌నే ఎంచుకుంటాను.

పక్కకు జరిగే గేటు

స్థలం ఉంటే ముసలివాళ్లున్న ఇంటికి ఇది షట్టర్ కన్నా మంచిది. లేపాల్సిన బరువే లేదు, నెడితే చాలు. మోటార్ కింద నేల మీద ఉంటుంది. కరెంటు పోతే తాళంచెవి పెట్టి లీవర్ తిప్పితే గేటు విడిపోతుంది. ఆ తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. వాలు ఉన్న చోట మాత్రం, విడిపించగానే గేటు తనంతట తాను జారుతుంది, ముందు నిలబడొద్దు.

కానీ హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్, నయీంనగర్ నాలా పక్కన ఉండేవాళ్లకు నేను దీన్ని చెప్పను. 2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డప్పుడు వరంగల్ కాలనీలు ఎట్లా మునిగాయో చూశాం. నేలకు జానెడు ఎత్తులో ఉన్న గేటు మోటార్ ఆ నీళ్లలో మిగలదు. నీళ్లు వచ్చే చోట స్ప్రింగ్ షట్టరో, గేర్ షట్టరో పెట్టుకోండి. మోటారే కావాలంటే మోటార్ పైన ఉండేది తీసుకుని, స్విచ్ బోర్డు ఛాతీ ఎత్తున పెట్టించండి. నీళ్లు తగ్గాక గైడ్‌లలో, అంటే షట్టర్ అంచులు జారే పక్క గాడుల్లో, బురద పేరుకుని ఉంటుంది, కడిగి శుభ్రం చేసేదాకా మోటార్ ఆన్ చేయొద్దు. పట్టీలు వంకర పోతాయి.

ఏది తీసుకున్నా

చైన్ గుంజే ముందు, రిలీజ్ వైరు లాగే ముందు షట్టర్ ఎంసీబీ (బోర్డులో షట్టర్ లైన్‌కు ఉండే రక్షణ స్విచ్) ఆఫ్ చేయండి. మీరు గుంజుతుండగా కరెంటు వచ్చి, పిల్లలెవరో రిమోట్ నొక్కితే ఏమవుతుందో ఆలోచించండి. సగం లేచిన షట్టర్ కింద నుంచి వంగి దూరొద్దు. పట్టీల మధ్య వేళ్లు పెట్టొద్దు. పైన ఫట్‌మని శబ్దం వచ్చి, ఆ తర్వాత షట్టర్ ఎప్పుడూ లేనంత బరువుగా అనిపిస్తే స్ప్రింగ్ తెగినట్టే, బలవంతంగా లేపొద్దు, మెకానిక్‌ను పిలవండి. పక్క తాళాలు వేసి ఉన్నాయేమో చూసుకోండి. ఇంకొకటి, కరెంటు లేదని మూసిన షట్టర్ వెనకాల జనరేటర్ గానీ కారు గానీ స్టార్ట్ చేసి ఉంచొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి తేరుకునేలోపే పడిపోతాడు. తీగ తెగి మీ గేటు మీద గానీ షట్టర్ మీద గానీ పడి ఉంటే దేన్నీ ముట్టుకోకుండా కరెంటు వాళ్ల 1912 నంబరుకు ఫోన్ చేయండి.

కొనే రోజు డబ్బంతా చెల్లించే ముందు మెకానిక్ ముందే మెయిన్ ఆఫ్ చేయించండి. అతను గుంజి చూపిస్తే సరిపోదు. మీ అమ్మో, నాన్నో, భార్యో గుంజాలి. వాళ్ల చెయ్యి అందకపోతే చైన్ పొడవు పెంచమనండి, బరువైతే స్ప్రింగ్ సరిచేయమనండి. అప్పుడైతే వాళ్లే చేసిపెడతారు, తర్వాత ఫోన్ చేసి పిలిస్తే ఎప్పుడొస్తారో తెలియదు.

మా చైన్ ఇప్పుడు బాపు ఛాతీ ఎత్తు దాకా వేలాడుతుంది. పిల్లలు ఊగకుండా గోడకు ఒక కొక్కెం పెట్టి తగిలించాం, వైరుతో కట్టలేదు. పక్కన ఒక చిన్న టార్చ్ ఉంటుంది. నెలకోసారి ఆదివారం పొద్దున బాపే ఎంసీబీ ఆఫ్ చేసి, ఎర్ర రిబ్బన్ పోగు పట్టుకుని మోకాలెత్తు దాకా లేపి దించుతాడు. మొన్న చైన్ పట్టేస్తున్నట్టుందని చెప్పాడు. చూస్తే గేర్ దగ్గర గ్రీజు ఎండి గట్టిపడింది, పాతది తుడిచి కొత్తది పూయించాను.